ఎత్తుకు పైయెత్తు

మన కర్నూలు, కడప సీమలలో పాత గుడి మండపములలోను, రచ్చకట్టల మీదను బండపై గీచిన ముక్కోణపు గీతలు అక్కడక్కడ కానవచ్చును. అవి పులిజూదపు గీతలు. హంపీ శిథిలములలో సైతము ఇట్టి ఆటపటములు రాతిపై మిగిలియున్నవి.

ఆట తెలియనివారికై రెండు మాటలు. గీతలు కలియు చోటులు 23. ఒకరికి 3 పులులు, వేరొకరికి 15 మేకలు. మేకలు ఒక్కొక్కటిగా దిగును. అన్నియు దిగువరకు ఏ మేకయు కదలరాదు. పులి పక్కనున్న మేకమీదుగా ఆవలి ఖాళీ చోటికి దుమికినచో ఆ మేక పోయినట్లే. పులులు కదలలేకుండ దారులన్నియు మూసినచో మేకలవారిదే గెలుపు.

నేడు మన పిల్లలు కంప్యూటరు తెరపై ఆడు చారిత్రక వ్యూహక్రీడలు ఈ ఆటకు దూరపు చుట్టములే. వానిలో పేరుగన్నది 1991లో అమెరికాలో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ అనువారు రూపొందించిన ‘సివిలైజేషన్’. క్రీస్తుకు పూర్వము 4000వ ఏట ఆట మొదలగును. ఊరు కట్టి, పొలమునకు నీరు పారించి, విద్యలు పెంచి, సేనను కూర్చి, ఒక జాతిని ఆధునిక యుగము వరకు నడుపవలెను. కాలువ సాగవలెనన్న చెంతనే నీరుండవలెను. తిండి చాలక నిలువ గింజలు అడుగంటినచో ఊరి జనసంఖ్య తగ్గును. కాబట్టి ఈ వంతున గాదె కట్టుదమా, కోటగోడ కట్టుదమా అన్నదే ప్రశ్న.

ఈ ఆటల ఆకర్షణ ఎందున్నది? మనము ఆలోచించి ఎత్తు వేయువరకు కాలము నిలిచియుండును. చేతివేగముతో పనిలేదు, తాతయు మనుమడును సరిజోడుగా ఆడవచ్చును. నేడు వేసిన ఎత్తు ఫలము ఇరువది వంతుల పిమ్మట కాని తెలియదు. అది చూడవలెనన్న ఆశతోనే ‘ఇంకొక్క వంతు’ అనుకొనుచు కొందరు తెల్లవార్లు మేలుకొందురు.

అయితే నిజమైన చరిత్ర ఎవరి కొరకును ఆగలేదు. పెన్నానది లోయ అంచున పెమ్మసానివారు ఏలిన గండికోటలో పెద్ద ధాన్యాగారము నేటికిని నిలిచియున్నది. గాదెయు, గోడయు రెండును ఉండి కూడ ఆ కోట 17వ శతాబ్ది నడుమ గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది. సుంకేసుల నుండి తుంగభద్ర నీటిని కడప వైపు తెచ్చు కాలువ 1860 తరువాతి దశకములో త్రవ్వబడినను, 1876-78 నాటి కరవు మన మెట్ట పల్లెలను విడువలేదు. తెరపై ఒక అంకె తగ్గును. ఆనాడు తగ్గిన ప్రతి అంకెకును ఒక పేరు, ఒక గడప ఉండెను.

మరియొక భేదము కలదు. తెరమీది ఆటలో మనకు దొరకునది రాజు పీఠమొక్కటే. పులిజూదములోనో, నేడు పులులైనవారు రేపు మేకలు కావలెను. దుముకుట ఎవరికైనను త్వరగా పట్టుబడును. ఒంటరిగా చిక్కక, ఒకరి వెనుక ఒకరు నిలిచి, బలవంతుని దారి కట్టుట నేర్చుటకు ఓర్పు కావలెను. వానకై ఎదురుచూచి బ్రదికిన మన సీమవారికి ఆ విద్య కొత్త కాదు.

కావున పిల్లలను తెరముందు నుండి కసరి లేపనక్కరలేదు. వారి రాజ్యములో గాదె నిండినదా అని అడుగుదము. సెలవునాడు గండికోట చూపుదము. సాయంకాలము అరుగుమీద సుద్దతో ముక్కోణము గీచి, ముందుగా మేకలను వారి చేతికిత్తము.