తిరుగు ప్రయాణపు రోజు: అద్దె వాహనం, అమానతు

  



ఉమ్రాకు ఎలా బయలుదేరాలో, ఇహ్రామ్ ఎక్కడ ధరించాలో, తవాఫ్, సయీ ఎలా చేయాలో ఈ మింబర్ మీది నుండి మేము ఎన్నోసార్లు వివరించాము. యాత్ర ముగించుకుని తిరిగివచ్చే రోజును గురించి మాత్రం మమ్మల్ని ఎవరూ అడగరు. నేడు ఆ ఒక్క రోజును గురించి, అందులోనూ ఆ రోజు మన చేతిలో ఉండే ఒక పరాయి వస్తువును గురించి మాట్లాడదలిచాము. అది అద్దెకు తీసుకున్న కారు.

ఇది జుమా ప్రసంగానికి తగిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. కర్నూలు, గుంటూరు, నిజామాబాదు, హైదరాబాదుల నుండి వెళ్ళి దుబాయిలోనో, రియాదులోనో, అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మన యువకులు ఇప్పుడు తల్లిదండ్రులను ఉమ్రాకు పిలిపించి, జిద్దాలో కారు అద్దెకు తీసుకుని, మక్కాకూ మదీనాకూ తామే స్వయంగా తీసుకువెళుతున్నారు. వయసు మళ్ళిన తల్లిదండ్రులకు అది చక్కని సేవ. కాని ఆ కారు తాళంచెవి చేతికి అందిన క్షణం నుండి తిరిగి అప్పగించే క్షణం వరకు అది అమానతు. తీసుకున్న రోజున అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కారు చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంటారు, పాత గీతలన్నీ కాగితంపై రాయించుకుంటారు. ఆ రోజు ఏమరుపాటుగా ఉంటే నష్టం మనది. అప్పగించే రోజున ఏమరుపాటుగా ఉంటే నష్టం అవతలివారిది. ఆ రోజు కూడా మన చూపు అంతే నిశితంగా ఉంటుందా? మనలోని అమానతుదారీని తూచే తక్కెడ ఇదే.

సోదరులారా! ఊరు విడిచి వెళ్ళే రోజున అమానతు సంగతి ఏమిటో తెలుసుకోవాలంటే హిజ్రత్ రాత్రిని గుర్తు చేసుకోవాలి. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కాను విడిచి బయలుదేరిన నాటికి ఆయన వద్ద మక్కావాసుల సొమ్ము దాచి ఉంది. ఆయన సందేశాన్ని తిరస్కరించినవారే తమ విలువైన వస్తువులను ఆయన వద్ద దాచుకునేవారు. ఆయనను హతమార్చాలని తీర్మానించినది కూడా ఆ ఊరి పెద్దలే. అటువంటి రాత్రి ప్రాణం కాపాడుకుని వెళ్ళిపోతే తప్పుపట్టేవాడు ఎవడు? అయినా ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక నిలిపి, ఎవరి వస్తువు వారికి అప్పగించి రమ్మని ఆదేశించారు. అలీ (రజి) మూడు రోజులు మక్కాలో ఉండి, ఆ అమానతులన్నీ అప్పగించి, తరువాత ఖుబాలో వచ్చి కలుసుకున్నారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి.

అదే ప్రయాణంలో మరో సంగతి ఉంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన ఒంటెను ఉచితంగా సమర్పించబోతే ప్రవక్త (స) వెల చెల్లించే తీసుకుంటానన్నారు. దారి చూపడానికి కూలికి కుదుర్చుకున్న వ్యక్తి ముస్లిం కాదు. ఖురైషీల మతంలోనే ఉన్నవాడు. రెండు ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు తీసుకురమ్మన్నారు. అతడు చెప్పిన వేళకు వచ్చాడు. ఇమామ్ బుఖారీ ఈ హదీసును ఇజారా, అంటే అద్దె, కూలి ఒప్పందాల అధ్యాయంలో కూడా చేర్చారు. మనం కారు అద్దెకు తీసుకుని సంతకం చేసేది కూడా ఇజారా ఒప్పందమే. అవతలివాడు ఏ మతంవాడు, ఏ దేశంవాడు, అది చిన్న దుకాణమా లేక వేల కార్లున్న పెద్ద సంస్థా అనే ప్రశ్నకు ఇందులో చోటు లేదు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని సూరహ్ నిసా 58వ ఆయత్‌లో ఉన్న ఆదేశం ఆ హక్కుదారుడు ఎవరన్న షరతు పెట్టలేదు.

మదరసాలో హిదాయా గ్రంథంలోని ఇజారా అధ్యాయం చదివేటప్పుడు, ఈ గాడిదల అద్దెలు, ఒంటెల అద్దెలు ఈ కాలంలో ఎవరికి కావాలని తోటి విద్యార్థులు నవ్వుకునేవారు. గాడిదను తీసి ఆ స్థానంలో కారును పెట్టి చదివితే ఆ అధ్యాయం ఈ ఉదయం రాసినట్లుంటుంది. అద్దెకు తీసుకున్న వస్తువు తీసుకున్నవాడి చేతిలో అమానతు. అతని అతిక్రమణ గాని, నిర్లక్ష్యం గాని లేకుండా అది పాడైతే అతనిపై పరిహారం ఉండదు. హద్దు దాటితే మాత్రం పూచీ అతనిదే. ఇరాక్‌లోని హీరా వరకని జంతువును అద్దెకు తీసుకుని, అది దాటి ఖాదిసియా వరకు వెళ్ళి, తిరిగి హీరాకు తెచ్చిన తరువాత అది చనిపోయినా అతడు పరిహారం చెల్లించవలసిందేనని ఫుఖహా రాశారు. తానొక్కడే ఎక్కుతానని తీసుకుని, వెనుక మరొకరిని ఎక్కించుకున్నప్పుడు అది చనిపోతే సగం వెల చెల్లించాలన్నారు. కళ్ళెం గట్టిగా లాగడం వల్లనో, కొట్టడం వల్లనో జంతువు చనిపోతే? పరిహారం చెల్లించాలన్నారు ఇమామ్ అబూ హనీఫా. వాడుకలో ఉన్నంత మేరకే లాగితే, కొడితే పరిహారం లేదన్నారు ఆయన శిష్యులిద్దరూ.

చూశారా, ఎంత సూక్ష్మంగా ఆలోచించారో! ఒప్పందంలో ఒకరి పేరు మాత్రమే రాసి ఉండగా తమ్ముడి చేతికి, బావమరిది చేతికి స్టీరింగ్ ఇవ్వడం ఎటువంటిది? ఐదుగురు కూర్చునే కారులో ఏడుగురిని, వారి సామానును కుక్కడం ఎటువంటిది? అద్దె కారే కదా అని గతుకుల మీదుగా దూకించడం, బ్రేకులు కీచుమనిపించడం కళ్ళెం లాగడం కాదా? సొంత కారును అలా నడపనివాడు పరాయి కారును అలా నడపడానికి అతని వద్ద ఏ దలీలూ లేదు.

ఇక ఆ రోజు సంగతికి వద్దాం. మక్కా నుండి జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయానికి సుమారు 100 కిలోమీటర్లు. విమానాశ్రయం జిద్దా నగరానికి ఉత్తరాన ఉంది కనుక నగరపు రద్దీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ టెర్మినళ్ళు ఒకటికంటే ఎక్కువ. కారు అప్పగించే చోటు ఒక టెర్మినల్ వద్ద, మన విమానం మరో టెర్మినల్ నుండి ఉండవచ్చు. ముందు రోజే అడిగి తెలుసుకోవాలి. విమానానికి మూడు గంటల ముందు చేరాలనుకునేవారు కారు అప్పగింతకు మరో గంట చేర్చుకోవాలి. పెద్దలనూ, ఖర్జూరాల పెట్టెలనూ, జమ్‌జమ్ నీటినీ ముందు టెర్మినల్ వద్ద దింపి, వారికి తోడుగా ఒకరిని ఉంచి, ఆ తరువాత కారు అప్పగించడానికి వెళ్ళడం మంచిది. తల్లిని ఎండలో నిలబెట్టినవాడికి కారు తనిఖీ పూర్తయ్యేవరకు ఆగే ఓపిక ఎక్కడి నుండి వస్తుంది?

పెట్రోలు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. టాంకు నిండుగా తీసుకుంటే నిండుగా తిరిగి ఇవ్వాలన్నది మామూలుగా ఉండే షరతు. కొందరు మక్కాలోనే నింపించి 100 కిలోమీటర్లు నడిపి అప్పగిస్తారు. ముల్లు ఇంకా నిండుగానే చూపుతోంది కదా అంటారు. ముల్లుకు తెలియకపోవచ్చు. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని హెచ్చరించడానికే దివ్య ఖుర్‌ఆన్‌లో 83వ సూరహ్ ఆ పేరుతో ఉంది. విమానాశ్రయానికి వీలైనంత దగ్గరి బంకులో నింపించి రసీదు ఉంచుకోండి. అక్కడ 91, 95 వంటి వేర్వేరు రకాల పెట్రోలు ఉంటుంది. ఆ కారుకు ఏది పోయాలన్నారో అదే పోయించండి. ఒలికిన జమ్‌జమ్ తడి, సీట్ల సందుల్లో ఖర్జూరపు గింజలు, పిల్లల బిస్కెట్ల పొడి వదిలి వెళ్ళకండి. తరువాత ఆ కారును కడిగేది బహుశా మన ప్రాంతం నుండే పొట్టకూటికి వెళ్ళిన ఒక యువకుడు.

మొన్న ఒక సోదరుడు మాకు ఫోన్ చేశాడు. ఊరు, పేరు చెప్పము. "హజ్రత్, విమానాశ్రయం పార్కింగులో వెనక్కి తీస్తుంటే కారు స్తంభానికి రాసుకుంది. విమానానికి వేళ అయిపోతోంది. అక్కడ ఎవరూ చూడలేదు. తాళాలు ఇచ్చేసి వచ్చాను. నెల దాటింది, వారు ఏమీ అడగలేదు. బీమా ఎలాగూ ఉంది. ఇప్పుడు నా మీద ఏమైనా ఉందా?" అని అడిగాడు. ఉమ్రా నుండి వచ్చిన నాటి నుండి ఫజ్ర్ నమాజులో ఆ స్తంభమే కళ్ళముందు కనబడుతోందని కూడా అన్నాడు. అతని ఈమాన్‌కు అదే సాక్ష్యమని మేము భావించాము.

మేము చెప్పినదేమిటంటే: నిర్లక్ష్యం లేకుండా జరిగిందా, ఉండి జరిగిందా, బీమా వర్తిస్తుందా, ఎంత భాగం నీవు భరించాలి అన్నవి తేల్చవలసిన విషయాలు. వాటిని తేల్చే హక్కు అవతలివారికి కూడా ఉంది. చెప్పకుండా వచ్చి ఆ హక్కును వారి చేతిలో నుండి తీసేసుకున్నావు. గీత పడటం పాపం కాకపోవచ్చు, దాచడం పాపం. ప్రమాదం జరిగినచోట రిపోర్టు లేకపోతే సాధారణంగా బీమా వర్తించదు, కనుక ఆ భారం మరొకరి మీద పడి ఉండవచ్చు. తరువాత ఆ కారు తీసుకున్నవాడి ఖాతాలో రాసి ఉంటే? ఆ పనివాడి జీతంలో కోసి ఉంటే? ఒప్పందం నెంబరుతో వారికి ఉత్తరం రాయి. జరిగినది జరిగినట్లు చెప్పు. వారు క్షమిస్తే అల్‌హమ్దులిల్లాహ్. అడిగితే చెల్లించు. తౌబా అల్లాహ్ హక్కును మాఫీ చేయిస్తుంది, దాసుల హక్కును దాసులే మాఫీ చేయాలి. అతడు రాశాడు. ఏమి జవాబు వచ్చిందో మేము అడగలేదు, అది అతనికీ వారికీ మధ్య విషయం.

కెమెరాలు తీసిన జరిమానాలు కూడా ఇటువంటివే. అవి కొన్ని రోజుల తరువాత బయటపడవచ్చు, అప్పటికి మనం ఇంట్లో ఉంటాము. ఇల్లు చేరగానే బ్యాంకు కార్డును ఆపించుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చే పెద్దమనుషులు ఉన్నారు. వారి మాట వినకండి. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞ దేశపు సరిహద్దు దాటితే రద్దు కాదు. అలాగని మోసపోమని కూడా మేము చెప్పడం లేదు. అప్పగించేటప్పుడు నాలుగు వైపులా ఫొటోలు తీయండి, కిలోమీటర్ల అంకె రాసుకోండి, అప్పగించినట్లు కాగితం తీసుకోండి. చేయని నష్టానికి సొమ్ము కోస్తే ఆధారాలతో నిలదీయండి. అమానతు ఇరుపక్షాలదీ.

అన్నిటికన్నా పెద్ద అమానతు ఆ కారులో కూర్చున్న ప్రాణాలు. మక్కాలో చివరి రాత్రి నిద్రపోకుండా తవాఫె విదా చేసి, ఫజ్ర్ కాగానే స్టీరింగ్ పట్టుకునేవారిని మేము ఎరుగుదుము. హజ్ చేసిన బయటి దేశాలవారికి తవాఫె విదా వాజిబ్. ఉమ్రా చేసినవారికి మన హనఫీ మస్లక్‌లో అది వాజిబ్ కాదు. చేస్తే పుణ్యమే, కాని పగలు చేసుకుని రాత్రి పడుకోండి. నమాజులో కునుకు వస్తేనే వెళ్ళి నిద్రపొమ్మని ప్రవక్త (స) ఉపదేశించారు. కునుకుతో 120 వేగాన కారు నడపడానికి అనుమతి ఎక్కడ దొరుకుతుంది? పైగా అక్కడ కుడివైపున నడపాలి. ఎడమవైపు నడపడానికి అలవాటుపడిన మన చేతులు అలసిపోయిన వేళ, తొందరపడిన వేళ పాత అలవాటుకే మళ్ళుతాయి. మదీనా నుండి జిద్దాకు 400 కిలోమీటర్లకు పైబడిన దారి. ఒళ్ళు బాగులేనివారు, ఆ దూరం నడపలేనివారు ముందు రోజే కారు అప్పగించి రైలు ఎక్కవచ్చు. 2018లో మొదలైన హరమైన్ రైలుకు జిద్దా విమానాశ్రయంలోనే స్టేషను ఉంది.

వాహనమెక్కేటప్పుడు చదివే దుఆ మనకు కంఠస్థమే. దాన్ని మన వశం చేసిన ప్రభువును కొనియాడుతూ, మనం ఆయన వైపునకే మరలిపోయేవారమని అందులో ఒప్పుకుంటాము. జిద్దా దారిలో తాళం తిప్పేటప్పుడు ఆ దుఆను తొందరగా ముగించకుండా అర్థం తలచుకుంటూ చదవండి.

అల్లాహ్ మన తల్లిదండ్రుల ఉమ్రాలను స్వీకరించుగాక, ప్రయాణంలో ఉన్నవారిని క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక. ఆమీన్.

వచ్చే నెల ఉమ్రాకు వెళ్ళే సోదరులు నమాజు తరువాత కాసేపు ఆగండి. దారిలో ఖస్ర్ నమాజు గురించి విడిగా చెబుతాము. కారు ఒప్పందం అరబీలో ఉంటే ఆ కాగితం వెంట తీసుకురండి. మేము చదివి, ఏ షరతుకు ఏమి అర్థమో తెలుగులో చెబుతాము. సంతకం ఆ తరువాత చేయండి.