కన్నులకద్దుకొనుట

(శతవార్షికోత్సవ ప్రార్థన కూటములలో ఒక సాయంకాలము చేసిన ప్రసంగము)



ఈ సాయంకాలము మేము మాటలాడదలచిన సంగతి మీకు చిన్నదిగా తోచవచ్చును. ఒంటరిగా దేవుని సన్నిధిలో ఉన్నప్పుడు మన చేతులు, మోకాళ్లు, పెదవులు ఏమి చేయుచున్నవి? బైబిలును కన్నులకద్దుకొనువారు మనలో ఉన్నారు. సిలువను ముద్దుపెట్టుకొనువారున్నారు. మంచము ప్రక్క మోకరించి నేలకు నుదురానించువారున్నారు. ఇది భక్తియా, లేక మన పితరులు విడిచివచ్చిన విగ్రహారాధనలో మిగిలిన అలవాటా? ఈ ప్రశ్న మన ఇండ్లలో పెద్దలకును పిల్లలకును మధ్య తరచుగా లేచుచున్నది.

మొదట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. వేదాంత కళాశాల విడిచి మొదటి పాస్టరేటుకు వచ్చిన దినములలో, ఆ సంఘములో చదువు రాని అవ్వ ఒకతె ఉండెను. ఆరాధన ముగియగానే ఆమె ముందుకు వచ్చి, అక్కడ తెరచియున్న బైబిలును రెండు చేతులతో తాకి, కన్నులకద్దుకొని, ముద్దుపెట్టుకొని వెళ్లెడిది. ఒక ఆదివారము మేము అందరి యెదుట, "అవ్వా, ఇది చదువుకోవడానికి ఇచ్చిన గ్రంథం, మొక్కడానికి కాదు" అంటిమి. ఆమె చేతులు వెనుకకు తీసికొని, తల వంచుకొని వెళ్లిపోయెను. ఆ తరువాత కొన్ని నెలలు వెనుక చాపమీదనే కూర్చుండెను గాని ముందుకు రాలేదు.

ఆమె జబ్బుపడినదని విని చూడబోతిమి. అప్పుడామె మెల్లగా చెప్పెను: "అయ్యగారూ, చిన్నప్పుడు మా వాడ పిల్లల్ని బడి అరుగు కూడా ఎక్కనిచ్చేవాళ్లు కాదు. మేం పుస్తకం ముట్టుకుంటే మైల అనేవాళ్లు. నన్ను ముట్టుకోనిచ్చిన మొదటి పుస్తకం ఇదే. చదువు రానిదాన్ని, ఇంకేం చేయను?"

మాయొద్ద జవాబు లేకపోయెను. మా చేతిలోని బైబిలును ఆమె చేతికిచ్చితిమి.

ఆ రాత్రి లూకా సువార్త 7వ అధ్యాయము తెరచితిమి. పరిసయ్యుడైన సీమోను ధర్మశాస్త్రము బాగుగా ఎరిగినవాడు. అతని ఇంటికి వచ్చిన స్త్రీ ఒక్క మాటయైనను పలుకలేదు. కన్నీళ్లతో ప్రభువు పాదములు తడిపి, తలవెండ్రుకలతో తుడిచి, ముద్దుపెట్టుకొని, అత్తరు పూసెను. ప్రభువు ఆమెను ఆపలేదు. పైగా నీళ్లియ్యలేదనియు, ముద్దుపెట్టుకొనలేదనియు, తలకు నూనె అంటలేదనియు ఇంటివాని లోపములనే ఒక్కొక్కటిగా ఎంచి చూపెను. ఆ పంక్తిలో మేము సీమోను ప్రక్కన కూర్చున్నామని అప్పుడు తెలిసికొంటిమి.

ఆ స్త్రీ ముద్దును తెలుపుటకు లూకా వాడిన గ్రీకు మాట 'కటఫిలెయో'. ఆప్యాయతతో ముద్దుపెట్టుకొనుట అని దాని భావము. తప్పిపోయిన కుమారుని కౌగిలించుకొనిన తండ్రి విషయములో 15వ అధ్యాయమందు అదే మాట వచ్చును. ఎఫెసు సంఘపు పెద్దలు ఏడ్చుచు పౌలును సాగనంపినప్పుడు, అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయమందు అదే మాట వచ్చును. మరియు యూదా ప్రభువును అప్పగించిన రాత్రి చేసిన క్రియకు మత్తయియు మార్కును వాడినదియు అదే మాట. క్రొత్త నిబంధనలో ఈ నాలుగు సందర్భములలోనే అది కనబడును. పెదవులు చేసిన పని ఒక్కటే, హృదయములు మాత్రము వేరు. కావున పైకి కనబడు క్రియను మాత్రమే చూచి, ఇది భక్తియనియు, అది విగ్రహారాధనయనియు తీర్పు తీర్చుట మనకు తగదు.

అయితే మన పితరుల భయము వట్టిది కాదు. దూడలను ముద్దుపెట్టుకొనువారిని హోషేయ ప్రవక్త 13వ అధ్యాయములో గద్దించెను. ఏలీయా కాలములో బయలును ముద్దుపెట్టుకొనని ఏడువేలమందిని దేవుడు తనకొరకు మిగుల్చుకొనెను. దయ్యముల భయముచేత బైబిలును తలగడ క్రింద పెట్టుకొని, తెల్లవారిన తరువాత దానిని తెరవనివాడు దానిని ప్రేమించుట లేదు, తాయెత్తుగా వాడుకొనుచున్నాడు. మేము ఆ అవ్వ విషయమై భయపడితిమి. నిజముగా భయపడవలసినది, చదువు వచ్చియు ఆ గ్రంథము తెరవని మా వంటి వారి విషయమై.

ఆది సంఘము శరీరమును ఆరాధన వెలుపల నిలువబెట్టలేదు. ఒకరికొకరు ముద్దుతో వందనము చేసికొనవలెనని పౌలును పేతురును పత్రికలలో వ్రాసిరి. రెండవ శతాబ్దపు మధ్యకాలమున జస్టిన్ అను హతసాక్షి, ప్రార్థనల తరువాత విశ్వాసులు అట్లు చేయుదురని తెలిపెను. మన దేశములో సురియాని క్రైస్తవులు ఆ సమాధానమును చేతితో ఇచ్చు ఆచారమును కాపాడిరి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము, 1950లో సిద్ధమైన తన ప్రభు భోజన క్రమములో దానిని చేర్చుకొనెను. కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనించి, ఎడమచేతితో దానిని మూసి, ఒకరినుండి ఒకరికి సమాధానమును అందించుకొందుము. ముట్టరాదని మనుష్యులు గీత గీసిన దేశములో ఇది చిన్న సంగతియా? 2020లో కరోనా భయముచేత చేతులు కలుపుట మానుకొనినప్పుడు, దాని విలువ మనలో అనేకులకు తెలిసెను.

సీమోను ఇంట తన పాదములను కన్నీళ్లతో తడువనిచ్చిన ప్రభువే, యోహాను 13వ అధ్యాయములో తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. తెల్లవారుజామున గ్రంథమును కన్నులకద్దుకొనిన చేతులు, ఆ దినమే మంచముపట్టిన అత్తగారి పాదములు తుడువవలెను. మన ముద్దు ఆ స్త్రీ ముద్దు వంటిదో, యూదా ముద్దు వంటిదో అక్కడ తేలును.

ఆ అవ్వ కోలుకొని మరల ఆరాధనకు వచ్చెను. అందరి యెదుట గద్దించినవారము గనుక, అందరి యెదుటనే మేము బైబిలు తీసికొని ఆమె చాపయొద్దకు వెళ్లి అందించితిమి. ఆ వారమునుండి ఆమె మనుమరాలు దినమునకొక అధ్యాయము చదివి వినిపించసాగెను.

ఈ నూరేండ్లలో మన సంఘములను నిలిపినవారిలో అనేకులు అట్టి చదువు రాని అవ్వలును తాతలును. మీ ఇండ్లలో అట్టివారున్నయెడల వారి చేతులను వెనుకకు లాగకుడి. ప్రక్కన కూర్చుండి చదివి వినిపించుడి. దేవుడు మన హృదయములను, మన చేతులను, మన పెదవులను తనకొరకు పరిశుద్ధపరచును గాక. ఆమేన్.