పోరంబోకు ఎవరిది?

(వార్డు సభ్యులు, గ్రామ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన వూళ్లల్లో ఎవర్నన్నా తిట్టాలంటే ‘పోరంబోకు వెధవ’ అంటారు. పనీపాటా లేనోడు, దిక్కూమొక్కూ లేనోడు అని. సర్కారు లెక్కలో శిస్తు రాని భూమి పోరంబోకు. శిస్తు రాదు గనక దానికి విలువ లేదు. విలువ లేనోళ్లమని మనకూ అదే పేరు పెట్టారు. సెంటు భూమి లేని ఇంట్లో రెండు మేకలు దేని మీద బతుకుతున్నాయి? మేత బీడు మీద. పొయ్యిలో పుల్ల ఎక్కడిది? డొంక గట్టుది. చచ్చాక మనల్ని పెట్టేది ఎక్కడ? పొలం వున్నోడు తన పొలంలోనే సమాధి కట్టించుకుంటాడు. మనకి శ్మశానం పోరంబోకు తప్ప దిక్కు లేదు. 1986లో ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో ఎనభైకి పైగా వూళ్ల లెక్కలు తీసి ఇదే రాశాడు: ఉమ్మడి భూముల మీద ఎక్కువ ఆధారపడేది పేదలే అని. మన అమ్మలకి ఆ సంగతి పుట్టుకతోనే తెలుసు.

ఇక చట్టం సంగతి. 1994 పంచాయతీరాజ్ చట్టం సెక్షన్ 58 చూడండి. మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందలు నిలిచే చోట్లు, బండ్ల దారులు, తోపులు, ఇలాంటి పోరంబోకుల్లో ప్రభుత్వానికి ప్రత్యేకంగా అవసరం లేనివి గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. అంటే సర్పంచ్ జేబులోకని కాదు. వూరి తరఫున కాపాడమని అప్పజెప్పారు. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. భూసంస్కరణల అమలు, నేల సంరక్షణ అందులో రెండోది.

మరి ఏటా రాసే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో భూమి మాట వుంటుందా? సిమెంటు రోడ్డు వుంటుంది, సైడు కాలువ వుంటుంది, వీధి లైట్లుంటాయి. వీటికి బిల్లు అవుతుంది. బీడును బీడుగా వుంచటానికి బిల్లు రాదు. అందుకే ఎవరికీ గుర్తు రాదు.

మా వూరి సంగతి చెబుతాను. మన శ్మశానం పాత డైగ్లాట్‌లో ఎకరం నలభై సెంట్లు. పక్క రైతు ఏడాదికో సాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చాడు. ఎవరూ అడగలేదు. అడిగితే మర్నాడు కూలికి పిలవరు. మా నాయన్ని పెట్టటానికి గొయ్యి తవ్వుతుంటే పాత ఎముకలు తగిలాయి. ఇంకోచోట తవ్వాం, అక్కడా తగిలాయి. పది గజాల అవతల అరటి తోట కళకళలాడుతోంది. ఆ రాత్రి మా అమ్మ ఒకటే మాట అంది: ‘అరటి చెట్టుకున్న చోటు మీ నాయనకి లేకపోయిందిరా.’

అర్జీల మీద అర్జీలు పెడితే సర్వేయరు వచ్చాడు. అరవై రెండు సెంట్లు తేలింది. తర్వాత పంచాయతీలో ఆక్రమణలు తొలగించాలని తీర్మానం చేశారు. మేం సంతోషపడ్డాం. జాబితా చూస్తే అందులో వున్నది వాగు పోరంబోకులో మనోళ్లు వేసుకున్న మూడు పాకలు. అరటి తోట లేదు!

అందుకే ‘ఆక్రమణలు తీసేస్తాం’ అనగానే చప్పట్లు కొట్టకండి. ఎవరివి అని అడగండి.

సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. పంజాబ్‌లో పాటియాలా జిల్లా రోహర్ జాగీర్ అనే వూళ్లో చెరువు భూమిని కొందరు ఆక్రమించి ఇళ్లు కట్టారు. డబ్బు కట్టించుకుని వాళ్లకే వదిలేయమన్నాడు కలెక్టరు. కోర్టు కుదరదంది. వూరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించే పథకం అన్ని రాష్ట్రాలూ తయారు చెయ్యాలంది. ఆ తీర్పులోనే మనకి పనికొచ్చే మాట ఇంకొకటి వుంది. ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం భూమిలేని కూలీలకో, ఎస్సీ, ఎస్టీలకో లీజుకిచ్చినవి, ఇప్పటికే బడో ఆసుపత్రో వున్నవి మినహాయించవచ్చని. అధికారి మొదటి సగం చదివి వినిపిస్తాడు. రెండో సగం మనం చదవాలి. 1905 భూ ఆక్రమణ చట్టం కింద కూడా సెక్షన్ 7 నోటీసు ఇచ్చి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నోటీసు లేకుండా జేసీబీ వస్తే కాగితం అడగండి.

ఇక్కడ మనలో మనకే ఒక పేచీ వుంది. ‘బీడంతా కోసి మాకే పట్టాలిమ్మందాం’ అంటున్నారు మన కుర్రాళ్లు. వాళ్ల ఆకలి నిజం. నేనూ ఆ నినాదం ఇచ్చినోణ్ణే. కానీ మేత బీడు, శ్మశానం, చెరువు పంచుకుంటే అరెకరం వచ్చినోడికి అరెకరమే మిగులుతుంది, మిగతా వాడకి మేకలు కూడా మిగలవు. భూమి అడగాల్సింది సీలింగు మిగులులో, మోతుబరులు కలిపేసుకున్న దాంట్లో, 1977 చట్టానికి విరుద్ధంగా మన దగ్గర కొనేసిన అసైన్డు భూముల్లో. ఇప్పటికే పాక వేసుకున్నోళ్లకి వేరే స్థలం చూపాకే కదిలించాలి. ఇది నా అభిప్రాయం. కాదన్నోళ్లు లేచి చెప్పండి, వాదించుకుందాం.

తీర్మానం రాయించగానే పనైపోయిందనుకోకండి. మహద్ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని 1924లోనే తీర్మానించింది. మనోళ్లకి చుక్క నీళ్లు దొరకలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచెళ్లి తాగారు. అదే మున్సిపాలిటీ ఆగస్టులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 అయింది. మన దగ్గర కారంచేడులో తాగే నీళ్ల చెరువు మురికి చెయ్యొద్దన్నందుకు 1985 జులై 17న ఆరుగుర్ని చంపారు. వూరుమ్మడి చోటు మీద మాట్లాడటం చిన్న విషయం కాదు. ఒంటరిగా వెళ్లొద్దు.

ఆంధ్రాలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. సొంత పొలం కొలిచేటప్పుడు రైతు వచ్చి గట్టు మీద నిలబడతాడు. డొంకకి, శ్మశానానికి ఎవరు నిలబడతారు? అక్కడ మనం లేకపోతే పక్క రైతు చూపించిందే హద్దు. కొలత అయిపోయిన వూళ్లల్లో కొత్త పటాన్ని పాత ఎఫ్.ఎం.బి.తో పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ తగ్గిందో రాసి అర్జీ పెట్టండి, రశీదు తీసుకోండి.

గ్రామసభలో ‘పోరంబోకులు కాపాడాలి’ అని గాలిమాట రాయించొద్దు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు, ఇప్పుడు ఎవరి స్వాధీనంలో వుందో పేరుతో సహా మినిట్స్‌లో ఎక్కాలి. పేరు రాయటానికి కార్యదర్శి కలం ఆగుతుంది. ఎక్కిందాకా లేవకండి.

రేపు తరగతి లేదు. పొద్దున్నే ఆరింటికి బడి దగ్గర కలుద్దాం. ఈ వూరి నక్షా కాపీ తెప్పించాం. గొలుసు, నాలుగు కొయ్యలు కావాలి, ఆడవాళ్లు తప్పక రావాలి. మేకలు కాసినోళ్లకి తెలిసినంతగా పాత హద్దులు ఎవరికీ తెలియవు. ముందు శ్మశానం కొలుద్దాం.