దిగులు కూడా జబ్బే
(పొదిలి వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మేము పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడటం పరిపాటి. ఈసారి మా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవలసి యున్నది.

కొన్నేళ్ళ క్రిందట ఒక ఇంటి తగవు మా దగ్గరికి వచ్చింది. కోడలు వంట చేయదు, పసిబిడ్డ ఏడ్చినా ఎత్తుకోదు, నడిరేయి లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటుంది అని అత్తగారి ఫిర్యాదు. ఆ అమ్మాయి తల వంచుకొని, "నాకేం తోచటంలేదు చాచా" అని ఒక్క మాట అన్నది. మేము "సబర్ చెయ్యమ్మా, ఇల్లన్నాక ఉంటాయి" అని నచ్చచెప్పి పంపినాము. తగవు తీర్చామనే అనుకున్నాము. నెల తిరగకముందే ఆమె ప్రాణం తీసుకోబోయింది. అల్లా దయవల్ల బ్రతికింది. "ఇది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్, ముందే తీసుకురావలసింది" అని డాక్టరుగారు అన్నప్పుడు మాకు తలెత్త బుద్ధి కాలేదు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. గర్భిణులలో, బాలింతలలో 100కి 10 మందికి పైగా ఇది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మగవారికంటే ఆడవారిలోనే ఎక్కువ. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ వారు జరిపిన జాతీయ సర్వేలో, ఈ జబ్బు ఉన్నవారిలో 100కి 85 మంది దాకా వైద్యం అందనివారేనని తేలింది.

మరి గుర్తించటం ఎట్లా? రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ దిగులు, లేదా ఇష్టమైన పనిమీద కూడా ఆసక్తి పోవటం ముఖ్యమైన గుర్తు. దానికితోడు నిద్ర చెడటం, ఆకలి మారటం, నీరసం, "నేను దేనికీ పనికిరాను" అనుకోవటం, చావు తలపులు రావటం ఉంటాయి.

కాని మన ఆడవారు "నాకు దిగులుగా ఉంది" అనరు. తలనొప్పి, నడుంనొప్పి, గుండెదడ అంటారు. మిరపకోతలకు, పత్తితీతకు, పొగాకు గ్రేడింగుకు పోయివచ్చే మనిషికి నొప్పులు సహజమే గదా అని మనం ఊరుకుంటాం. ఒక సూది, నాలుగు బిళ్ళలతో సరి. జబ్బు లోపలే ఉండిపోతుంది.

కొందరు దీన్ని ఈమాన్ తక్కువై వచ్చిందంటారు, గాలి సోకిందంటారు. సుమారు 1100 ఏళ్ళ క్రిందటనే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దుఃఖాన్ని రెండు రకాలుగా చెప్పినారు. ఒకటి కారణం తెలిసినది, రెండవది కారణం తెలియనిది. రెండవదానికి మూలం శరీరంలో ఉంటుందనీ, వైద్యం చేయాలనీ వ్రాసినారు. దువా మానవద్దు, దవా కూడా మానవద్దు.

పశ్చిమ గోదావరి పల్లెల్లో 2014 తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు ఆశా కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, ఇంటింటా ప్రశ్నలు అడిగించి, అనుమానం ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపించారు. అంటే గుర్తించటానికి పెద్ద చదువులు అక్కరలేదు. అడిగే మనిషి ఉంటే చాలు.

మనకు ఒంగోలు, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలున్నవి. అంతదూరం వెంటనే పోలేనివారు టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ రాత్రింబవళ్ళు ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మందుల గుణం తెలియటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తగ్గింది గదా అని డాక్టరును అడగకుండా ఆపరాదు. పాలిచ్చే తల్లి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మగవారికి ఒక మనవి. పైరుకు కొట్టే మందు డబ్బాలు ఇంట్లో పెట్టకండి. పెట్టక తప్పకపోతే తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. చావు మాట అన్న మనిషిని కసురుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఆ అమ్మాయి మందులు వాడి కోలుకున్నది. ఇప్పుడు ఆ బిడ్డను తానే బడికి పంపుతున్నది. ఇకమీదట ఏ ఇంటి తగవు మా ముందుకు వచ్చినా, తీర్పుకంటే ముందు ఒక ఆడమనిషిని లోపలికి పంపి, "నిద్ర పడుతున్నదా అమ్మా?" అని అడిగిస్తాము. మీరు కూడా ఈ రాత్రి ఇంటికి పోయి ఆ మాట అడగండి. జవాబు చెప్పేదాకా కూర్చొని వినండి.