తప్పిన పరీక్షకు 30 రోజులు

భక్త రామదాసు జన్మించిన ఈ నేలకొండపల్లికి వచ్చే తల్లిదండ్రులు కొందరు, “మా అబ్బాయి కంప్యూటర్ భద్రత పరీక్ష తప్పినాడు, వాని పేర అర్చన చేయించాలి” అంటున్నారు. చేయించండి. దానితోపాటు అబ్బాయికి ఈ మాట కూడా చెప్పండి.

సి.ఐ.ఎస్.ఎస్.పి. అనే ఆ పరీక్షలో 1000కి 700 రావాలి. తప్పినవారు 30 రోజులు ఆగి మళ్ళీ వ్రాయాలి. రెండవసారి తప్పితే 60, మూడవసారి 90. రుసుము 700 డాలర్లకు పైమాటే, కనుక ఇంటిల్లిపాదికీ దిగులు సహజం. అయితే 8 విభాగాలలో ఎక్కడ వెనుకబడినారో తెలిపే పత్రం తప్పినవారికి ఇస్తారు. నెగ్గినవారికి మార్కులు కూడా చెప్పరు! ఆ పత్రాన్ని దాచివేయక, ముందుంచుకొని చదవాలి.

పూర్వం శాస్త్రాధ్యయనంలో శలాకా పరీక్ష ఉండేది. తాళపత్ర గ్రంథంలో పుల్ల గుచ్చి, తెరుచుకొన్న పత్రానికి అర్థం చెప్పమనేవారు. కంఠస్థమై కూడా అన్వయం తెలియనివాడు అక్కడే ఆగిపోయేవాడు. ఇదీ అటువంటిదే. అగ్నిప్రమాదంలో ముందు యంత్రాలను కాపాడాలా, మనుష్యులనా? మనుష్యులనే. ఈ తారతమ్య జ్ఞానమే అక్కడ పరీక్షింపబడేది. దొంగచాటుగా అమ్మే ప్రశ్నల కట్టలు బట్టీపట్టడం నిరుపయోగం, నియమవిరుద్ధం కూడా.

మొదటి పది రోజులు బలహీనమైన విభాగాలకే ఇమ్మనండి. మీరు మాత్రం “మళ్ళీ ఎప్పుడు?” అని ప్రతిదినం అడగకండి.