రౌటర్‌లో ఉబ్బిన కండెన్సర్

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా పనికొచ్చే విషయం చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఇంటర్మీడియట్‌తో చదువు ఆపి ఫౌజ్‌లో చేరినవాణ్ణి. సాహిత్యం నాకు చేతకాదు. ఇ.ఎం.ఇ.లో 28 ఏళ్ళు రేడియో సెట్లు విప్పి బిగించాను కాబట్టి, చేతికి తెలిసిన ముక్క ఒకటి మనవి చేస్తాను. ఇంట్లో ఉండే ఇంటర్నెట్ రౌటర్ గురించి.

నేనుండేది పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు గానీ నా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది, మన్నించాలి. మా వీధిలో శ్రీకాకుళం వైపు అక్కగారు ఒకరున్నారు. భర్త నేవీలో చేసి కాలం చేశారు. ఒక్కడే కొడుకు, ఉత్తరాన సరిహద్దులో డ్యూటీ. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేస్తాడు. ఇల్లు కొండవాలుకు కింద ఉంది, లోపల మొబైల్ సిగ్నల్ అందదు. ఉన్న ఆధారమంతా ఆ రౌటరే.

ఒకరోజు అక్కగారు మా గుమ్మంలోకి వచ్చి, "తమ్ముడూ, ఆడికి నాతో మాట్లాడ్డం ఇష్టం నేదు. నాలుగు మాటలవ్వగానే కట్ చేసేత్తన్నాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రెండు నెలలుగా ఇదే వరస అట. మిగతా రోజుల్లో నెట్ బాగానే ఉంటుందట, ఆదివారమే పోతుందట. కొడుకు మీద అనుమానం రాక ఏమవుతుంది చెప్పండి.

ఇక్కడ కొత్త తమ్ముళ్ళకు ఒక మాట. అండమాన్‌లో నెట్ అంటే ఒకప్పుడు ఉపగ్రహమే దిక్కు. ఒక ఫోటో పంపాలంటే టీ తాగి రావలసిందే. చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. కారు నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దాకా ఆ తీగ వెళ్ళింది. సుమారు 1,224 కోట్ల రూపాయల పని. అంత దూరం క్షేమంగా వచ్చిన మాట అక్కగారి గదిలో ఆఖరి మూడడుగులు దాటలేకపోయింది.

ఒక దుకాణంలో చూపిస్తే "పారేయండమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నారట. ఆ రౌటర్ 2018లో కొడుకు సెలవుకు వచ్చినప్పుడు స్వయంగా మోసుకొచ్చి పెట్టినది. ఆవిడ పారేయరు.

విప్పి చూశాను. లోపల చీమలు, రెండు బల్లిగుడ్లు, సముద్రపు గాలికి స్క్రూలకు తుప్పు. ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులు. మనం సీలింగ్ ఫ్యాన్ తిరక్కపోతే కండెన్సర్ పోయిందంటామే, దాని చుట్టమే ఇదీ. పని ఏమిటంటే మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకు పనే. ఎండాకాలంలో పోర్ట్ బ్లెయిర్‌లో కుళాయి రోజూ రాదు. వచ్చినప్పుడు ట్యాంకు నింపుకుని సమంగా వాడుకుంటాం. కెపాసిటర్ కూడా కరెంటును పట్టి ఉంచి, ఒడిదుడుకులు లేకుండా చిప్‌లకు అందిస్తుంది. లోపల అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో తడిసిన కాగితం ఉంటాయి. వేడికి ఆ ద్రవం ఆరిపోతుంది. అంటే ట్యాంకులో పూడిక పడి, పైపు కూడా సన్నబడినట్టు.

దీని మీద 105 డిగ్రీలు, 2,000 గంటలు అని ఆయుష్షు చెబుతారు. వేడి పది డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయుష్షు రెట్టింపు అని ఉజ్జాయింపు లెక్క. 65 డిగ్రీల్లో ఉంటే 32,000 గంటలు, అంటే రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉంటే మూడున్నరేళ్ళ పైచిలుకు. అదే 55లో ఉంటే ఏడేళ్ళు దాటుతుంది. అక్కగారు ఆ రౌటర్‌ను ఫ్రిజ్ మీద పెట్టి, దుమ్ము పడకుండా పైన అందమైన అల్లిక గుడ్డ కప్పారు! గాలి ఆడే కన్నాలన్నీ మూసుకుపోయాయి. లెక్క ప్రకారం చూస్తే అది మొండిగా ఎక్కువ కాలమే పనిచేసింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చేతిలో ఉన్న పాత టీవీ బోర్డు నుంచి అదే కొలత కెపాసిటర్ ఊడదీసి వేశాను. 85 డిగ్రీలది, పైగా ముసలిది. ఊడదీయడంలో కూడా తొందరపడ్డాను. మైనస్ కాలు పెద్ద రాగిరేకుకు అతుక్కుని ఉంటుంది, అది వేడినంతా లాగేస్తుంది. నా 25 వాట్ల ఐరన్ చాల్లేదు. బలంగా లాగితే బోర్డు మీది రాగి వలయం కాస్త లేచింది. ముందు కొత్త సీసం కాస్త కరిగించి కలిపి, 60 వాట్ల ఐరన్‌తో రెండు కాళ్ళూ మార్చి మార్చి వేడిచేస్తూ తీయాలి. ట్రేడ్ ట్రైనింగ్‌లో సికింద్రాబాద్‌లో ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం అదే. ఆయన చూసి ఉంటే గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించేవారు.

రెండు ఆదివారాలు బాగా నడిచింది. మూడో ఆదివారం మళ్ళీ కట్! "పోన్లే తమ్ముడూ, మిషన్ది కాదు తప్పు, ఆడిదే" అన్నారు అక్కగారు. ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు.

తెల్లారి లేచి, మొదటే చేయవలసిన పని చేశాను. అడాప్టర్‌కు మల్టీమీటర్ పెట్టాను. 12.2 వోల్టులు, భేషుగ్గా ఉంది. స్కూటర్ ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది, దానికి తగిలించి మళ్ళీ చూశాను. ఎనిమిదిన్నరకు పడిపోయింది. పరేడ్‌లో నిటారుగా నిలబడి, పిట్టూ వీపున వేయగానే కూలబడే జవాన్ లాగా! మామూలప్పుడు రౌటర్ తక్కువ కరెంటు తింటుంది. వీడియో కాల్ మొదలవగానే వైఫై గట్టిగా పనిచేయాలి, ఎక్కువ లాగుతుంది. అడాప్టర్ చేతులెత్తేస్తుంది, రౌటర్ పడి లేస్తుంది. అందుకే సరిగ్గా కొడుకు మాట్లాడేటప్పుడే పోయేది.

అడాప్టర్‌ను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకండి. అందులోని పెద్ద కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల పైన నిలవ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు కొడుతుంది. వోల్టులు అవే, ప్లస్ మైనస్ బొమ్మ అదే, ఆంపియర్లు తగ్గకుండా చూసి వేరేది కొనండి. బోర్డు మీదికి చెన్నై నుంచి కొత్త కెపాసిటర్ తెప్పించాను, 105 డిగ్రీలది, లోపలి నిరోధం తక్కువగా ఉండే రకం. పది రూపాయల చిల్లర సరుకు, రావడానికే రెండు వారాలు పట్టింది. చారగీత ఉన్న వైపు మైనస్. తిరగేసి వేస్తే పేలుతుంది. వోల్టులు 16కి బదులు 25 ఉన్నా పర్వాలేదు, తగ్గకూడదు. లేచిన రాగి వలయం దగ్గర చిన్న తీగతో మాటు వేశాను.

ఈ రోగం పెద్దవాళ్ళనూ వదల్లేదు లెండి. 1999 నుంచి కొన్నేళ్ళపాటు నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతా కంప్యూటర్లలోకి వెళ్ళి ఉబ్బిపోయాయి. డెల్ కంపెనీ 2005లో సుమారు 30 కోట్ల డాలర్లు ఆ మరమ్మతులకే పక్కన పెట్టుకుంది. మా అక్కగారికి అడాప్టర్‌తో కలిపి మూడు వందలు కూడా కాలేదు.

ఆ ఆదివారం నన్నూ కూర్చోమన్నారు. ఫోన్ రాగానే మొదటి ఐదు నిమిషాలు కొడుక్కి తిట్లే. ఆ అబ్బాయి బిత్తరపోయి, "అమ్మా, నువ్వే పెట్టేస్తన్నావనుకున్నాను" అన్నాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారని తర్వాత చెప్పారు.

రౌటర్ ఇప్పుడు గోడకు తగిలించి ఉంది, గాలి ఆడుతోంది. అల్లిక గుడ్డ మాత్రం టీవీ సెట్‌టాప్ బాక్స్ మీద కప్పారు. పండక్కి వెళ్ళినప్పుడు మెల్లగా చెప్పాలి.

సెలవు. జై హింద్.