ఆకాశరామన్నకు చిరునామా ఉంది

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా చిన్నప్పుడు కోనసీమ ఊళ్ళలో ఆడపిల్లకి సంబంధం కుదిరిందంటే పెళ్ళివారికి ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళేది. పిల్ల నడత మంచిది కాదని నాలుగు ముక్కలు, కింద సంతకం ఉండదు. ఆ ఉత్తరం ఒక ఇంటికే చేరేది. ఈనాటి ఆకాశరామన్న చేతిలో సెల్‌ఫోన్ ఉంది. రాత్రి పెట్టింది తెల్లారేసరికి ఊరంతటికీ, కువైట్‌లో ఉన్న ఊరివాళ్ళకీ చేరిపోతోంది.

నా పరిశోధనలో కలిసిన ఒకామె సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. గల్ఫ్‌లో ఇళ్ళలో పనిచేసి, ఆ డబ్బుతో సొంత ఊళ్ళో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఎవరో ఆమె ముఖాన్ని వేరే శరీరానికి అతికించి, ఫోన్ నంబరుతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. స్టేషన్‌కి వెళితే మొదటి ప్రశ్న: "ఫోటో నువ్వెందుకు పెట్టుకున్నావమ్మా?" రెండోది: "ఎవరి మీద అనుమానం?" మూడు నెలలు తిరిగింది. ఆమె అడిగింది ఒక్కటే, "ఆ బొమ్మ తీయించండి బాబూ, చాలు" అని. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

చట్టం లేక కాదు. 2000 నాటి ఐటీ చట్టం 67వ సెక్షన్ ప్రకారం అశ్లీల చిత్రాన్ని తయారుచేసి పెట్టినవాడే కాదు, దాన్ని పంపినవాడు కూడా నేరస్థుడే. ఆడవాళ్ళని ఫోన్లలో వెంటాడడం 2013 సవరణతో నేరమైంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. కానీ ఐటీ చట్టం కింద దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గనివారే చెయ్యాలి. అందుకే "సీఐ గారు లేరు, రేపు రండి" అన్న మాట అంత తరచుగా వినిపిస్తుంది. ఇక ఈ రెండు సెక్షన్లూ మొదటిసారి నేరానికి బెయిలు ఇవ్వదగ్గవే. ఫిర్యాదు చేసినామె ఇల్లు చేరకముందే అతను ఊళ్ళో తిరుగుతుంటాడు.

మన రాజమండ్రి అనుభవమే చూడండి. హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలి హత్య తర్వాత, 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పు అన్నారు. సామాజిక మాధ్యమాల్లో స్త్రీలను వేధిస్తే మొదటిసారి రెండేళ్ళు, మళ్ళీ చేస్తే నాలుగేళ్ళు శిక్ష అన్నారు. 2020 ఫిబ్రవరి 8న మొట్టమొదటి దిశ పోలీస్‌స్టేషన్ ఈ ఊళ్ళోనే తెరిచారు. స్టేషన్ వచ్చింది కానీ చట్టం రాలేదు. ఆ బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం దొరకనే లేదు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేరూ పోయింది. 2025లో శక్తి యాప్ వచ్చింది. పేర్లు మారుతున్నాయి. ఫిర్యాదు బల్ల ముందు మనకి ఎదురయ్యే మొదటి ప్రశ్న మారలేదు.

తలుచుకుంటే పోలీసులు పట్టుకోలేరా? 2021 జూలైలో ముస్లిం స్త్రీల ఫోటోలు వేలానికి పెట్టినట్టు ఒక యాప్‌లో పెట్టారు. ఢిల్లీలో కేసు నమోదైనా ఆరు నెలలు ఒక్క అరెస్టు లేదు. 2022 జనవరిలో మళ్ళీ అలాంటిదే వచ్చింది. హైదరాబాదుకి చెందిన వయసు మళ్ళిన కార్యకర్త ఫోటో కూడా అందులో ఉంది. ఈసారి ముంబయి పోలీసులు కొద్ది రోజుల్లోనే నిందితుల్ని పట్టుకున్నారు. దేశం అదే, చట్టం అదే. తేడా ఎక్కడుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మనకి దక్కినవి కూడా స్త్రీలు పట్టుబట్టి సాధించినవే. అత్యాచార వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయని 2015లో హైదరాబాదు ప్రజ్వల సంస్థ సుప్రీంకోర్టుకి లేఖ రాసింది. కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యగలిగే జాతీయ పోర్టల్ 2018లో రావడం వెనక ఆ కేసు ఉంది.

కనుక మన పని ఏ వరసలో జరగాలో చూద్దాం. ముందు సాక్ష్యం దాచాలి: తేదీ, నంబరు, గ్రూపు పేరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయాలి. సిగ్గుతో అసలు సందేశం చెరిపెయ్యకూడదు. తర్వాత బొమ్మ తీయించాలి. 2021 నిబంధనల ప్రకారం నగ్నచిత్రాలు, ఇలా అతికించిన బొమ్మలు ఎక్కడైనా పెట్టినట్టు ఫిర్యాదు అందితే కంపెనీ రెండు గంటల్లో తొలగించే చర్య తీసుకోవాలి; 2026 ఫిబ్రవరి సవరణకి ముందు ఈ గడువు 24 గంటలు ఉండేది. ఆమె తరఫున మనలో ఎవరైనా ఆ ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆ తర్వాత స్టేషన్‌కి, ఆమెని ఒంటరిగా పంపకుండా, ఇద్దరం తోడు వెళదాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత ప్రకారం "మా పరిధి కాదు" అని తిప్పి పంపే వీలు లేదు.

ఇంకా కఠిన శిక్షలు కావాలని నేను అడగడం లేదు. ఉన్న చట్టాన్ని ఆమె అవసరం దగ్గర మొదలుపెట్టమంటున్నాను.

ఇందాక చెప్పినామె ఇంటికి తాళం వేసి మళ్ళీ కువైట్ వెళ్ళిపోయింది. కేసు "నిందితుడు తెలియదు" దగ్గరే ఆగింది. బొమ్మ చేసినవాడు ఒకడే కావచ్చు. చూసి నవ్వినవాళ్ళు, మరో గ్రూపుకి పంపినవాళ్ళు మన అన్నలు, మరుదులు, కొడుకులు. వాళ్ళ చిరునామా పోలీసులకి తెలియకపోవచ్చు. మనకి తెలుసు. ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తగలమా?